ధర పెరిగితే ధ్వని పెరుగుతుందా? హెడ్‌ఫోన్ల ఎంపికపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హెడ్‌ఫోన్ల గురించే ఉన్నాయి. ఇంచుమించు ఒకే సంగతిని అడిగిన ఉత్తరాలను కలిపి, ఒక్కొక్క ప్రశ్నగా కుదించి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఇంట్లో తీరిగ్గా కూర్చుని పాటలు వినడానికి మంచి హెడ్‌ఫోన్ ఒకటి కొనాలనుకుంటున్నాను. ఒక పెట్టె మీద 20–20,000 హెర్ట్జ్ అని, మరో పెట్టె మీద 5–40,000 హెర్ట్జ్ అని ముద్రించారు. ఒకదానిలో శబ్దాన్ని పుట్టించే డ్రైవర్ 40 మిల్లీమీటర్లు, ఇంకొకదానిలో 50. ధరల్లో మాత్రం పదింతల తేడా ఉంది. ఈ అంకెలను బట్టి గాని, ధరను బట్టి గాని ధ్వని నాణ్యతను అంచనా వేయవచ్చునా?

జవాబు: వేయలేమనే చెప్పాలండీ. మనిషి చెవికి వినబడే పరిధి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ పై హద్దు తగ్గుతూ వస్తుంది కాబట్టి నడివయసు దాటిన చాలామందికి 15,000 హెర్ట్జ్ పైన ఏమీ వినబడదు. అలాంటప్పుడు పెట్టె మీది 40,000 అనే అంకె వల్ల వినేవారికి ఒరిగేది చాలా తక్కువ. అంతకంటే పెద్ద లోపం ఏమిటంటే, ఆ పరిధి లోపల ఏ స్వరస్థాయి ఎంత బలంగా పలుకుతుందో ఆ అంకె చెప్పదు. ఎన్ని డెసిబెళ్ల హెచ్చుతగ్గులతో ఆ పరిధిని కొలిచారో చెప్పనంత వరకు దానిని అలంకారంగానే భావించండి. డ్రైవర్ వ్యాసం కూడా అంతే. 50 మిల్లీమీటర్ల డ్రైవర్ ఉన్న నాసిరకం హెడ్‌ఫోన్లూ ఉన్నాయి, అందులో అయిదో వంతు కూడా లేని చిన్న డ్రైవర్‌తో చక్కగా పలికే ఇయర్‌ఫోన్లూ ఉన్నాయి.

నిజంగా చూడవలసింది ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ అనే గీతను. మంద్రం నుంచి తారం వరకు ఒక్కొక్క చోట హెడ్‌ఫోన్ ఎంత బలంగా పలుకుతుందో ఆ గీత చూపిస్తుంది. స్వతంత్రంగా కొలతలు తీసి ప్రచురించే సమీక్షకులు ఇప్పుడు చాలామంది ఉన్నారు కనుక, పేరున్న మోడళ్లలో ఎక్కువ వాటికి ఈ గీత దొరుకుతుంది. అయితే అది తిన్నగా, అడ్డగీతలా ఉండాలని అనుకోకండి. మన చెవి డొప్ప, చెవి నాళం తమ ఆకారం వల్లనే 3,000 హెర్ట్జ్ ప్రాంతంలో శబ్దాన్ని పెంచుతాయి. ఎదురుగా ఉన్న మనిషి మాటను జీవితమంతా ఆ పెంపుతోనే వింటున్నాం కాబట్టి, హెడ్‌ఫోన్ కూడా అక్కడ కొంత ఎత్తు చూపితేనే మనకు సహజంగా తోస్తుంది. ఆ ఎత్తు ఎంత ఉండాలి, బేస్ ఎంత ఉండాలి అనే విషయం మీద ఆడియో పరికరాలు తయారుచేసే హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్ బృందం 2012 ప్రాంతం నుంచి వరుసగా పరిశోధనలు చేసింది. ఏ హెడ్‌ఫోన్ వింటున్నదీ శ్రోతలకు తెలియకుండా చేసిన ఆ పరీక్షల్లో ఎక్కువమంది మెచ్చినది, మంచి గదిలో మంచి స్పీకర్లు పలికినట్టుగా, బేస్ కొద్దిగా హెచ్చుగా ఉండే ధ్వని. దాన్నే ఇప్పుడు హార్మన్ టార్గెట్ అంటున్నారు. మీ అభిరుచి దానితో అచ్చంగా కలవాలని లేదు, కానీ కొలతకు ఒక ఆధారంగా పనికివస్తుంది.

ఇక ధర మాట. యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలను పోల్చి 2017లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కూ అమ్మకపు ధరకూ మధ్య సంబంధమేమీ కనబడలేదన్నది అందులోని నిర్ధారణ. దీని అర్థం ఖరీదైనవన్నీ దండగ అని కాదు. ఎక్కువ డబ్బుకు గట్టి తయారీ, తేలికైన లోహపు చట్రం, మెత్తటి ఇయర్‌ప్యాడ్లు, కుడి ఎడమ డ్రైవర్ల మధ్య దగ్గరి పోలిక, విడిభాగాల లభ్యత వంటివి దొరకవచ్చు. మరీ చవక సరుకులో ఒకే మోడల్‌కు చెందిన రెండు పీసులు రెండు రకాలుగా పలకడం కూడా ఉంది. అంటే అడుగు మెట్టు మీద కొంచెం ఎక్కువ పెడితే ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది. మధ్య మెట్టు దాటిన తరువాత మీరు పెట్టే డబ్బు ధ్వనికంటే సౌకర్యానికీ, హంగుకూ, పేరుకూ ఎక్కువగా పోతుంది.

మీరు ఇంట్లోనే వింటానన్నారు కాబట్టి ఓపెన్ బ్యాక్ రకాన్ని తప్పక పరిశీలించండి. డ్రైవర్ వెనుక భాగం మూసివేయకుండా జాలీ ఉండే ఈ రకానికి బాట వేసింది 1968లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డి 414. శబ్దం తల లోపల ఇరుక్కున్నట్టు కాక, కాస్త విశాలంగా వినబడుతుంది. చెవులకు ఉక్కపోత తక్కువ. కానీ మీరు వినే పాట పక్కనున్నవారికీ వినబడుతుంది, బయటి చప్పుడు మీకూ వినబడుతుంది. అదే గదిలో మరొకరు చదువుకుంటూనో నిద్రపోతూనో ఉంటే క్లోజ్డ్ బ్యాక్ రకమే దారి.

ఏళ్ల తరబడి నిలిచిన మోడళ్లను చూడడం ఇంకో తెలివైన పద్ధతి. కాస్ పోర్టా ప్రో 1984లో, సోనీ ఎండిఆర్-7506 1991లో, సెన్‌హైజర్ హెచ్‌డి 600 1997లో వచ్చాయి. ఈ మూడింటికీ దశాబ్దాల తరువాత కూడా కొనేవారు తగ్గలేదు. వీటిలో పోర్టా ప్రో బాగా చవక, దాని ధరకు మించి పలుకుతుంది. ఎండిఆర్-7506 స్టూడియోల్లో తప్పులు పట్టడానికి బాగుంటుంది గాని, గంటల తరబడి వినడానికి దాని తారస్థాయి నాకు కొంచెం పదునుగా అనిపిస్తుంది. హెచ్‌డి 600లో గాత్రం, వయొలిన్, వీణ ఎంతో సహజంగా ఉంటాయి. అడుగున దద్దరిల్లే బేస్ కోరుకునేవారు మాత్రం నిరాశపడతారు.

చివరగా ఒక సంగతి. ధ్వనిలో చిన్న లోపాన్ని ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉన్న, ఒక్కొక్క స్వరస్థాయిని విడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌తో చాలావరకు సరిచేసుకోవచ్చు. తలను నొక్కే బిగువును, మెడను లాగే బరువును ఏ ఈక్వలైజరూ సరిచేయదు. అందుకే రెండు మోడళ్ల మధ్య ఎటూ తేలనప్పుడు సుఖంగా కూర్చునే దాన్నే తీసుకోమంటాను.

ప్రశ్న: దుకాణంలో హెడ్‌ఫోన్ పెట్టుకుని వినే అవకాశం కొద్ది నిమిషాలే దొరుకుతుంది. అంత తక్కువ సమయంలో ఏది మంచిదో ఎలా తేల్చుకోవాలి?

జవాబు: ముందుగా రెండింటి శబ్దస్థాయిని సమానం చేసుకోండి. ఈ ఒక్క జాగ్రత్త లేకపోతే మిగిలిన పరీక్షలన్నీ వృథా. ఒకదానికంటే మరొకటి ఒకటి రెండు డెసిబెళ్లు ఎక్కువ పలికినా, దాన్ని మన మనస్సు ‘గట్టిగా ఉంది’ అని కాక ‘బాగుంది, స్పష్టంగా ఉంది’ అని లెక్కవేస్తుంది. ఒకే మీట దగ్గర వాల్యూమ్ ఉంచి హెడ్‌ఫోన్లు మార్చి వినిపిస్తే, సెన్సిటివిటీ (అంతే విద్యుత్తుకు ఎంత బిగ్గరగా పలుకుతుందనే కొలత) ఎక్కువ ఉన్నదే ప్రతిసారీ గెలుస్తుంది. కాబట్టి ఒక గాత్రాన్ని రెండింటిలోనూ ఒకే బిగ్గరగా వినబడేట్టు సర్దుకున్న తరువాతనే పోలిక మొదలుపెట్టండి.

రెండవది, అక్కడ వాళ్లు వినిపించే పాట వద్దు. హెడ్‌ఫోన్ గొప్పగా కనబడేందుకు ఎంచిన రికార్డింగ్‌లో ఏదైనా గొప్పగానే ఉంటుంది. మీకు కంఠతా వచ్చిన పాటలు నాలుగైదు ఫోన్‌లో వెంట తీసుకువెళ్లండి. అందులో ఒకటి వాద్యాల హోరు లేని గాత్రం కావాలి. ఎందుకంటే మనిషి గొంతు ఎలా ఉండాలో మనందరికీ తెలుసు. అది ముక్కుదిబ్బడతో పాడినట్టున్నా, గోడ అవతలి నుంచి వస్తున్నట్టున్నా వెంటనే పట్టేయగలం. ఆ పాటలో స, శ, ష, చ వచ్చే చోట్ల శ్రద్ధగా వినండి. ఈ ఊదుడు శబ్దాల బలం ముఖ్యంగా 5,000 నుంచి 8,000 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. అక్కడ హెడ్‌ఫోన్ గీత శిఖరంలా లేస్తే ప్రతి సకారమూ చెవిలో గుచ్చుకుంటుంది, అరగంటకే అలసట వస్తుంది. మొదటి నిమిషంలో మాత్రం అదే లోపం ‘ఎంత స్పష్టం’ అనిపించి మోసం చేస్తుంది సుమా.

మంద్రస్థాయికి మృదంగం చక్కటి పరీక్ష. ఎడమ వైపు నాదం గుండ్రంగా లేచి వెంటనే ముగియాలి, కుడి వైపు దెబ్బ దాని కింద మునిగిపోకుండా విడిగా వినబడాలి. ఎడమ నాదం సాగి సాగి గాయకుడి గొంతు మీదికి వచ్చి పడుతున్నదంటే బేస్ అవసరానికి మించి ఉందని అర్థం. తరువాత ఎక్కువ వాద్యాలున్న ఒక పాట పెట్టి, వాటిలో ఒక్క వాద్యాన్నే పట్టుకుని చివరిదాకా అనుసరించగలుగుతున్నారేమో చూడండి.

కళ్లజోడు ఉన్నవారు దానితోనే పెట్టుకుని చూడాలి. జోడు కాడ వల్ల ఇయర్‌ప్యాడ్‌కూ చర్మానికీ మధ్య సందు ఏర్పడి బేస్ కారిపోతుంది. చెవి లోపలికి దూర్చే ఇయర్‌ఫోన్లలో ఈ సంగతి ఇంకా ముఖ్యం. బేస్ లేదని చాలామంది తిట్టుకునే ఇయర్‌ఫోన్‌లో అసలు లోపం తగని సైజు రబ్బరు టిప్. పెట్టెలో వచ్చే మూడు సైజులూ ప్రయత్నించకుండా తీర్పు చెప్పకండి. రెండు చెవులకు రెండు సైజులు కావలసి రావడం కూడా అరుదేమీ కాదు.

ప్రశ్న: స్టూడియోలో వాడే రకమని చెబితే 250 ఓముల హెడ్‌ఫోన్ కొన్నాను. ఫోన్‌కు తగిలిస్తే వాల్యూమ్ చివరిదాకా పెంచినా శబ్దం చాలడం లేదు. పీసులో లోపమా?

జవాబు: పీసులో లోపం ఉండకపోవచ్చు, ఫోన్‌కూ హెడ్‌ఫోన్‌కూ జోడీ కుదరలేదు. ఓములు అంటే విద్యుత్తుకు హెడ్‌ఫోన్ చూపే నిరోధపు కొలత, దీన్నే ఇంపెడెన్స్ అంటారు. ఒక చిన్న లెక్క చూడండి. మీ ఫోన్ గాని, దానికి తగిలించే చిన్న అడాప్టర్ గాని గరిష్ఠంగా 0.5 వోల్ట్ ఇస్తుందనుకుందాం. వోల్టేజీ వర్గాన్ని ఓములతో భాగిస్తే అందే శక్తి వస్తుంది. 250 ఓములకు అది 1 మిల్లీవాట్. అదే 32 ఓముల హెడ్‌ఫోన్‌కైతే దాదాపు 8 మిల్లీవాట్లు. మీ హెడ్‌ఫోన్ సెన్సిటివిటీ 1 మిల్లీవాట్‌కు 96 డెసిబెళ్లు అయితే, సంగీతంలో అతి బిగ్గర క్షణం 96 దగ్గర ఆగిపోతుంది, సగటు అంతకంటే 15 నుంచి 20 డెసిబెళ్లు కింద ఉంటుంది. తక్కువ స్థాయిలో రికార్డు చేసిన శాస్త్రీయ సంగీతమైతే అది మరీ మెల్లగా వినబడుతుంది.

అయితే ఓములు తక్కువైతే చాలునని కూడా అనుకోకూడదు. హైఫైమాన్ హెచ్ఈ-6 అనే ప్లేనార్ (పలుచని చదును పొరతో పలికే రకం) హెడ్‌ఫోన్‌కు ఇంపెడెన్స్ 50 ఓములే గాని సెన్సిటివిటీ 83.5 డెసిబెళ్లు మాత్రమే. 96 డెసిబెళ్ల హెడ్‌ఫోన్‌తో సమానంగా పలకాలంటే దానికి సుమారు 18 రెట్ల శక్తి కావాలి. కాబట్టి రెండు అంకెలనూ కలిపి చూడాలి. సెన్సిటివిటీని కొందరు మిల్లీవాట్‌కు, కొందరు వోల్ట్‌కు చెబుతారు; ఈ తేడా గమనించకుండా పోలిస్తే 32 ఓముల దగ్గరే 15 డెసిబెళ్ల పొరపాటు వస్తుంది.

పరిష్కారంగా ఒక సాధారణమైన యాంప్లిఫయర్ సరిపోతుంది, భారీది అక్కరలేదు. ఇంకా మార్చుకునే గడువు ఉంటే, కొన్ని స్టూడియో మోడళ్లు రెండు మూడు ఇంపెడెన్స్‌లలో తయారవుతాయి కనుక అదే మోడల్‌లో తక్కువ ఓముల రకం ఉందేమో అడగండి. బేయర్‌డైనమిక్ డిటి 770 ప్రో, ఉదాహరణకు, 32, 80, 250 ఓములలో వచ్చింది. ఫోన్‌తోనే వినదలచినవారు యాంప్లిఫయర్ ఖర్చును కూడా హెడ్‌ఫోన్ ధరలో కలిపి లెక్కవేసుకోవాలి.

ప్రశ్న: ఒకే మొత్తానికి వైరు హెడ్‌ఫోన్ మేలా, నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్న వైర్‌లెస్ మేలా? బ్లూటూత్‌లో పంపేందుకు ధ్వనిని కుదించే ఎల్‌డాక్ వంటి కోడెక్ ఉన్నదే కొనాలని మిత్రుడు అంటున్నాడు.

జవాబు: ధ్వని ఒక్కటే కొలమానమైతే వైరుదే పైచేయి. వైర్‌లెస్ హెడ్‌ఫోన్ ధరలో బ్యాటరీ, రేడియో, మైకులు, యాంప్లిఫయర్, వాటిని నడిపే చిప్ అన్నీ ఇమిడి ఉంటాయి; అదే మొత్తంలో వైరు హెడ్‌ఫోన్‌కు డ్రైవర్, చట్రం, ప్యాడ్లు తప్ప వేరే ఖర్చు లేదు. కానీ మీరు బస్సులో, రైలులో, విమానంలో ఎక్కువగా వినేవారైతే నా సలహా తలకిందులవుతుంది. ఇంజను రొద వంటి ఎడతెగని మంద్ర శబ్దాన్ని తగ్గించడంలో నాయిస్ క్యాన్సిలేషన్‌కు సాటి లేదు. మొదట విమానం నడిపేవారి కోసం తయారైన ఈ పద్ధతి, 2000లో వచ్చిన బోస్ క్వైట్‌కంఫర్ట్‌తో సామాన్య ప్రయాణికులకు చేరింది. ఆ రొద లేకపోతే పాటను తక్కువ వాల్యూమ్‌లో వినవచ్చు, రొద కింద అణగిపోయే మంద్రస్వరాలూ తిరిగి బయటపడతాయి. పక్కవారి మాటలను, పసిపిల్లల ఏడుపును ఇది అంతగా ఆపలేదు. అక్కడ ప్యాడ్ల బిగువే పనిచేయాలి. నిశ్శబ్దమైన గదిలో వినేవారికి ఈ హంగు వల్ల లాభం లేదు.

కోడెక్ విషయంలో మీ మిత్రుని మాటను కొంత తగ్గించి తీసుకోండి. ఎల్‌డాక్ సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలదు గాని, రేడియో రద్దీ ఉన్న చోట అది 660కో 330కో దిగిపోతుంది. పైగా ఫోన్‌లోనూ హెడ్‌ఫోన్‌లోనూ రెండింటిలోనూ ఆ సదుపాయం ఉండాలి. ఐఫోన్‌లో ఎల్‌డాక్ లేదు, అక్కడ ఏఏసీ అనే మరో కోడెకే గతి. రెండు హెడ్‌ఫోన్ల ట్యూనింగ్‌లో ఉండే తేడా ముందు రెండు కోడెక్‌ల తేడా చాలా చిన్నది. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మాత్రం బ్లూటూత్ వేరే పద్ధతికి మారి ధ్వని నాణ్యత అమాంతం పడిపోతుంది. సమావేశాలకు వాడేవారు దాన్ని లోపమనుకుని కంగారుపడవద్దు.

ప్రశ్న: కొత్త హెడ్‌ఫోన్‌ను వంద గంటలు మోగిస్తే గాని అసలు ధ్వని రాదంటారు. నిజమేనా?

జవాబు: నమ్మదగిన ఆధారం లేదు. ఇయర్‌ప్యాడ్లు మెత్తబడి తలకు అమరడం, మన చెవి ఆ ధ్వనికి అలవాటుపడడం నిజం. మొదటి రోజు నచ్చని హెడ్‌ఫోన్‌ను ‘మోగనివ్వండి’ అనే మాట విని వాపసు గడువు దాటనివ్వకండి.

ప్రశ్న: మా అబ్బాయి రోజూ గంటల తరబడి హెడ్‌ఫోన్ తీయడు. ఎంత శబ్దం, ఎంతసేపు వరకు ఫరవాలేదు?

జవాబు: ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెళ్లను, పిల్లలకు అదే వ్యవధికి 75 డెసిబెళ్లను హద్దుగా సూచించింది. 3 డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా అనుమతించే సమయం సగమవుతుంది. 90 డెసిబెళ్ల దగ్గర పెద్దలకు కూడా వారానికి 4 గంటలే. చాలా ఫోన్లలో హెడ్‌ఫోన్ శబ్దస్థాయికి గరిష్ఠ హద్దు పెట్టే సదుపాయం ఉంది, దాన్ని వాడండి. రొద ఉన్న చోట వినే అలవాటుంటే, బయటి శబ్దాన్ని బాగా ఆపే హెడ్‌ఫోన్ కొనిపెట్టడం అతని చెవులకు మేలు చేసే ఖర్చే.

ప్రశ్న: పెట్టిన డబ్బుకు ఎన్నాళ్లు మన్నుతుందనేది కూడా చూడాలి కదా. వాడిన హెడ్‌ఫోన్ చవకగా దొరికితే కొనవచ్చునా?

జవాబు: వైరుదైతే నిస్సంకోచంగా చూడవచ్చు. డ్రైవర్లు మామూలుగా చాలా ఏళ్లు మన్నుతాయి. ముందుగా పాడయ్యేవి తీగ, ఇయర్‌ప్యాడ్లు, మడత కీళ్లు. తీగ ఊడదీసే వీలు, ప్యాడ్లు విడిగా దొరకడం, హెడ్‌బ్యాండ్ స్క్రూలతో బిగించి ఉండడం, ఈ మూడూ ఉన్న మోడల్‌కు కొంచెం ఎక్కువ పెట్టినా ఏళ్ల మీద చవకే. ప్యాడ్లు మార్చేటప్పుడు ఆ మోడల్‌కు తయారీదారు ఇచ్చినవే వాడడం మంచిది, ఎందుకంటే ప్యాడ్ మందం, రంధ్రాలు మారితే ధ్వని కూడా స్పష్టంగా మారుతుంది.

వైర్‌లెస్‌లో ఆయుష్షు బ్యాటరీది. లిథియం బ్యాటరీ కొన్ని వందల ఛార్జింగుల తరువాత తగ్గుముఖం పడుతుంది. పెద్ద హెడ్‌ఫోన్‌లో బ్యాటరీ మార్పించే అవకాశం కొన్నిటికైనా ఉంటుంది. చిన్న ఇయర్‌బడ్స్‌లో ఎక్కువ వాటికి లేదు. అందువల్ల వాడిన ఇయర్‌బడ్స్ ఎంత చవకైనా వద్దనే చెబుతాను.

వాడిన వైరు హెడ్‌ఫోన్ చూడడానికి వెళ్లినప్పుడు, ఫోన్ సెట్టింగ్స్‌లో మోనో (రెండు చెవులకూ ఒకే శబ్దం) పెట్టి ఒక గొంతును తక్కువ వాల్యూమ్‌లో వినండి. అది సరిగ్గా నడుమ వినబడాలి. ఒక పక్కకు ఒరిగితే, ముందు హెడ్‌ఫోన్‌నే కుడి ఎడమలు మార్చి పెట్టుకోండి. అప్పుడు కూడా అదే చెవి వైపు ఒరిగితే తేడా మీ చెవిలోనిదే గాని హెడ్‌ఫోన్‌లోనిది కాదు. రెండు కప్పులకూ విడివిడిగా తీగ తగిలే రకమైతే ఆ రెండు కొసలనూ అటుదిటు మార్చండి. బలహీనత రెండో కప్పుకు మారితే చెడింది తీగ, దాన్ని మార్చుకోవచ్చు. అదే కప్పులో నిలిచిపోతే డ్రైవర్ దెబ్బతిన్నట్టే. ఆ బేరం వదులుకోండి.